చిత్త కార్తెలో చేతులు కట్టుకోవడం

చిత్త కార్తె వచ్చిందంటే పండ్ల చెట్టు దగ్గర మనిషికి పెద్దగా పనుండదు. పని పెట్టుకోకపోవడమే అసలు పని. మా నల్లకుంటలో ఈ మాట ఎవరికీ రుచించదు. పెరళ్లను అపార్ట్‌మెంట్లు మింగగా గోడవారన మిగిలిన మామిడి చెట్లను చూసి అక్టోబరులో జనానికి జాలి పుట్టుకొస్తుంది. వానలు వెనకపట్టాయి, పాపం ఎండిపోతుందేమోనని పైపు తెచ్చి పాదులో పడేస్తారు. పక్కింటి పెద్దావిడ ఏటా నన్ను నిలదీస్తుంది. "ఏం బాబూ, చెట్టుని అలా మాడుస్తున్నావ్, నీళ్లకేమన్నా కరువొచ్చిందా?" అని. "జనవరిలో పూత చూసి మాట్లాడండి పిన్నిగారూ" అంటాను. ఆవిడకి నా మీద నమ్మకం లేదు, పూత మీద ఉంది.

మామిడికి ఈ రోజుల్లో కావలసింది దాహం. వానల్లో వేసిన చిగురు ముదరాలి. నీళ్లు తగ్గి ఎదుగుదల ఆగాలి. ఆపైన రాత్రులు వరుసగా కొన్నాళ్లు పదిహేను డిగ్రీల దిగువకు జారాలి. అప్పుడు కొమ్మ చివరి మొగ్గ ఆకు కాకుండా పూత అవుతుంది. ఆ చలి కబురు అందుకునేవి ముదురాకులే. ఆకులన్నీ దూసేసిన కొమ్మకు ఎంత చలి తగిలినా పూత రాదు. ఇక నవంబరులో నీళ్లు పట్టారనుకోండి, ఎర్రటి లేత చిగురు తొడుగుతుంది. ఫొటోకి బాగుంటుంది. ఆ కొమ్మ మాత్రం ఆ ఏడాది పూతకు దూరమైనట్టే. మళ్లీ పైపు పట్టాల్సింది పిందె బఠాణీ గింజంత అయ్యాక.

అయితే మామిడికి చలి కబురు మాత్రమే, కవచం లేదు. ఉష్ణోగ్రత సున్నా దాటి కిందికి పోతే లేత మొక్క మాడిపోతుంది. ఉత్తరప్రదేశ్‌లో చిన్న మామిడి మొక్కలకు చలికాలం గడ్డితో గుడిసెలు కట్టేది అందుకే. కవచం తొడుక్కునే విద్య ఆపిల్, పియర్, ప్లమ్ లాంటి చెట్లది. జూలైలో సున్నాకు మూడు నాలుగు డిగ్రీలు దిగువకే చచ్చిపోయే ఆపిల్ కొమ్మ, జనవరిలో మైనస్ ముప్ఫైని కూడా తట్టుకుంటుంది. కొమ్మ అదే. మధ్యలో ఒక శరదృతువు గడిచింది, అంతే.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అన్న కూతురుంది. పెరట్లో ఆపిల్, అంజీర వేసింది. ఒక సెప్టెంబరులో ఫోన్ చేసి, "బాబాయ్, చలికాలం వస్తోంది కదా, చెట్లు బలంగా ఉండాలని యూరియా వేద్దామనుకుంటున్నా" అంది. "వద్దు తల్లీ, బలం కాదు, చిగురొస్తుంది. ఆ చిగురే ముందు చస్తుంది" అన్నాను. "మరి కొమ్మలన్నా కత్తిరించనా?" "అదీ వద్దు, చలి పోనీ." కత్తెర పడిన చోట చెట్టు మేలుకుంటుంది. అక్కడి చెట్టు ఆ నెలల్లో మేలుకోకూడదు.

ఆ కవచం తయారయ్యే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. చాలా చెట్లకు మొదటి హెచ్చరిక పగలు కుదించుకుపోవడం. మన హైదరాబాదులో ఏడాది మొత్తం మీద అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ రెండు గంటలే తేడా. ఎడిసన్‌లో దాదాపు ఆరు. ఆపిల్, పియర్ మాత్రం ఈ లెక్కను పట్టించుకోవు. ఓలా హైడే, ప్రెస్ట్రుడ్ అనే నార్వే పరిశోధకులు 2005లో ఈ సంగతి తేల్చారు. పగలు ఎంత పొట్టిదైనా వెచ్చగా ఉన్నంతసేపూ అవి ఎదుగుతూనే ఉంటాయి. పన్నెండు డిగ్రీల కిందికి వస్తేనే ఆగుతాయి. ఎదుగుదల ఆగాకే గట్టిపడటం మొదలు.

వేసవి పొడుగునా ఆకులు వండి దాచిన పిండిపదార్థం చక్కెరలుగా మారుతుంది. కణం పొరల్లోని కొవ్వు చలికి బిగుసుకోని రకంగా మారుతుంది. డీహైడ్రిన్లనే ప్రొటీన్లు పోగవుతాయి. ఆ తర్వాత గడ్డకట్టే రాత్రులు వచ్చినప్పుడు కణం తనలోని నీటిని బయటికి వదిలేస్తుంది. మంచు కట్టేది ఆ బయటి సందుల్లోనే. లోపల మిగిలేది బెల్లం పాకంలా చిక్కటి ద్రవం, అది అంత సులువుగా గడ్డకట్టదు. కణం లోపల మంచు పలుకు ఏర్పడిందా, ఆ కణం పని అయిపోయినట్టే. కొయ్య లోపలి కొన్ని కణాలు ఇంకో ఉపాయం పన్నుతాయి. నీటిని వదలకుండానే, గడ్డకట్టకుండానే మైనస్ నలభై దాకా నెట్టుకొస్తాయి. అది దాటితే అవీ నిలవలేవు.

ఇదంతా ఖర్చుతో కూడిన పని. తెగులుతో ఆకులు ముందే రాలినా, కాపు విపరీతంగా కాసినా దాచుకున్నది చాలక చెట్టు చలికి లొంగిపోతుంది. పైగా వారాల తరబడి తొడుక్కున్న కవచం కొద్దిపాటి వెచ్చటి రోజులకే జారిపోతుంది. విచ్చుకున్న ఆపిల్ పూలలో పదో వంతు మైనస్ రెండుకి, మైనస్ నాలుగుకి దాదాపు అన్నీ మాడిపోతాయి. జనవరిలో మహావీరుడు, ఏప్రిల్‌లో పసివాడు.

మరి మన ఎండల్లో ఆపిల్ సంగతేమిటి? అదిక్మెట్ వంతెన ఎక్కి, ఉస్మానియా క్యాంపస్ దాటి, తార్నాక చౌరస్తా మీదుగా హబ్సిగూడ వెళ్తే సీసీఎంబీ వస్తుంది. కణాల లోగుట్టు వెతికే ఆ సంస్థ శాస్త్రవేత్తలు మన రాష్ట్రాల్లో ఆపిల్ పండే చోట్లు కూడా వెతికారు. వాళ్ల తోడ్పాటుతో ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు ఆపిల్ తోట పెంచి, 2020 జూన్‌లో తొలి పండ్లను అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌కు అందించాడు. అక్కడ చెట్టుకు కవచంతో పనిలేదు. చిక్కంతా మొగ్గల చలికాలపు నిద్రతోనే. మామూలు ఆపిల్‌కు ఏడు డిగ్రీల దిగువన వెయ్యి గంటలదాకా చలి అందాలి, లేకపోతే మొగ్గలు సరిగా విచ్చుకోవు. హైదరాబాదులో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతే 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. వెయ్యి గంటలు ఎక్కణ్నుంచి తెస్తాం? అందుకే కొద్దిపాటి చలితో సరిపెట్టుకునే రకాలు కావాలి. హిమాచల్ ప్రదేశ్ బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ రూపొందించిన హెచ్ఆర్ఎంఎన్ 99 అలాంటిది. 2025లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మైదానాల్లో ఈ రకం కాపు జూన్‌కల్లా చేతికొస్తుంది.

నన్నడిగితే మన పెరటికి సీతాఫలం మేలు. చలి ముదిరాక ఆకులు రాల్చుకుని మోడులా నిలబడుతుంది, చూసినవాళ్లు చచ్చిందనుకుంటారు. దాని మొగ్గ ఆకు తొడిమ అడుగునే దాక్కుని ఉంటుంది. ఆకు రాలితేనే దానికి దారి. ఆపిలే కావాలనుకునేవాళ్లు రోడ్డు పక్క బండి దగ్గర మొక్క బేరమాడే ముందు రకం పేరు అడగండి. "కశ్మీర్‌ది సార్, ఒరిజినల్" అన్నాడా, నమస్కారం పెట్టి వచ్చేయండి.