రోజుకో పేజీ

రాత్రి భోజనాలయ్యాక రోజూ ఒక పేజీ దిద్దుతాను. తెలుగు వికీసోర్స్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఒక పక్క పాత పుస్తకం పేజీ బొమ్మ, ఇంకో పక్క కంప్యూటరు దాన్ని చూసి చదివిన అక్షరాలు ఉంటాయి. రెండూ పోల్చి తప్పులు సరిచేయాలి.

మొన్న వందేళ్ల నాటి పుస్తకంలో 'ధర్మము' అన్న మాట దగ్గర ఆగిపోయాను. యంత్రం దాన్ని 'ధమ౯ము' అని చదివింది. తప్పు దానిది కాదు. పాత అచ్చులో రేఫను మకారం పక్కన వలపలగిలకగా పెట్టేవారు. చూడ్డానికి అది అచ్చం తెలుగు తొమ్మిది అంకెలా ఉంటుంది. మన తాతలు తడుముకోకుండా చదివిన గుర్తు అది. ఇక యంత్రం అరసున్నను మచ్చ అనుకుని వదిలేస్తుంది, మచ్చను అరసున్న అనుకుని పట్టుకుంటుంది. థకూ ధకూ తేడా పొట్టలో ఒక్క చుక్క. సిరా పలచబడిన చోట ఆ చుక్క కనబడదు. 'కథ' కాస్తా 'కధ' అయి కూర్చుంటుంది. అచ్చులోని పాత గుర్తులన్నీ ఇప్పటి తెలుగులోకి మార్చేస్తే చదవడం తేలికే, కానీ మార్చకూడదు. అచ్చులో ఎలా ఉందో అలాగే ఉండాలి.

ఇలాంటి పుస్తకాలను స్కాన్ చేయడానికి కంప్యూటరు శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు తలపెట్టిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఒక పెద్ద స్కానింగ్ కేంద్రంగా ఉండేది. అలాంటి చోట్ల చేసిన పని వల్లే ఎన్నో తెలుగు పుస్తకాలు చెదల నోట పడకుండా మిగిలాయి. వాళ్ల రుణం తీరేది కాదు. అయితే స్కాన్ చేసిన పేజీ ఉత్త బొమ్మ. అందులో మాట వెతికితే దొరకదు. చూపు లేనివారికి స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపించలేదు. ఒక పుస్తకం కోసం నేను వారాల తరబడి ఒక డిజిటల్ భాండారమంతా గాలించాను. పుస్తకం అక్కడే ఉంది. పేరును ఇంగ్లీషు అక్షరాల్లో తప్పుగా ఎక్కించారు, అంతే. లేనట్టే కదా!

వికీసోర్స్‌లో దిద్దని పేజీ ఎర్రగా ఉంటుంది. ఒకరు దిద్దితే పసుపు. మరొకరు సరిచూస్తేనే ఆకుపచ్చ. నేను దిద్దినదాన్ని నేనే ఆమోదించడానికి వీల్లేదు, అది మంచి కట్టుబాటు. అందుకే నా పేజీలు చాలావరకు పసుపు దగ్గరే ఆగి ఉన్నాయి. ఒక్కో పేజీకి పావుగంట పడుతుంది. తెలుగు చదవడం వస్తే చాలు. ఈ వారం ఒక్కటైనా సరిచూడండి.