అర్ధరాక్షసుఁడగు సామగాయకుఁడు

రావణుఁడు విశ్రవసునకుఁ గైకసియందు జన్మించినవాఁడు. తండ్రి పులస్త్యవంశపు బ్రహ్మర్షి. తల్లి సుమాలి కూఁతురగు రాక్షసి. ఇందుచే నాతని వేదవిద్యను, గానమును తండ్రి సొమ్ముగను, క్రౌర్యమును తల్లి సొమ్ముగను పంచిపెట్టుట బోధకులలోఁ బరిపాటియైనది. ఈ పంపకము మూలమునకు సమ్మతమగునా యనునది విచారింపఁదగియున్నది.

మొదట నామమును పరిశీలింపవలెను. పాణినీయులు శివాదిగణమున విశ్రవణ, రవణ శబ్దములను పఠించిరి. విశ్రవశ్శబ్దమునకు నివి యాదేశములై యపత్యార్థమున వైశ్రవణ, రావణ రూపములు సిద్ధించును. అనఁగా కుబేరుఁడును, రావణుఁడును వ్యాకరణమున నొక తండ్రి కొడుకులే. భరద్వాజపుత్రికకుఁ బుట్టినవాఁ డొకఁడు, కైకసికిఁ బుట్టినవాఁ డొకఁడు అను భేద మా ప్రత్యయ మెఱుఁగదు. రెండవ వ్యుత్పత్తి శబ్దార్థకమగు రుధాతువునుండి వచ్చినది. లోకములను మొఱపెట్టించువాఁడని యర్థము. ఉత్తరకాండ మీ రెండవదానినే గ్రహించినది. కైలాసము క్రింద చేతులు నలిగి దశగ్రీవుఁడు ముల్లోకములు వణఁకునట్లు అఱచెను. పిదప మంత్రుల మాటచొప్పున వేయేండ్లు సామములతో శివుని స్తుతించెను. శివుఁడు ప్రసన్నుఁడై విడిచి, ఆ యఱపునకు గుర్తుగా రావణుఁడని పేరిడెను. అఱచిన కంఠములే సామములను పాడినవి. వానిలో నేది తండ్రిది, ఏది తల్లిదని యెవరు తేల్పఁగలరు?

క్రౌర్యమునకు వేఱు కారణమును కావ్యమే చెప్పుచున్నది. లంక తొలుత సుమాలి ప్రభృతులది. విష్ణువునకు వెఱచి వారు పాతాళము చేరఁగా నది కుబేరునకు నివాసమయ్యెను. పుష్పకమెక్కి వచ్చిన యా కుబేరునిఁ జూపి, ఆతనివంటివాఁడవు కమ్మని కైకసి కొడుకును పురికొల్పెను. ఆనాఁడు పుట్టిన యీర్ష్యయే గోకర్ణమునఁ జేసిన తపస్సునకును, లంకాపహరణమునకును మూలము. ఇది దాయాదుల పోరేగాని రక్తదోషము కాదు.

ఒక యాక్షేపము కలదు. కైకసి దారుణవేళ వచ్చినందున క్రూరులు పుట్టుదురనియు, కడపటివాఁడు మాత్రము తన వంశమునకుఁ దగినవాఁ డగుననియు విశ్రవసుఁడే పలికెను గదా! నిజమే. కాని జన్మమాత్రముచేతనే ఆ తగుట సిద్ధించునేని, సంతానమంతయు నా వంశమువారే యగుటచే నా మాట వ్యర్థమగును. కావున నది నడవడికి వచ్చిన ప్రశంస. విభీషణుని తల్లియుఁ గైకసియే యనుట మఱవరాదు.

తెలుఁగున తిక్కన నిర్వచనోత్తరరామాయణమును, కంకంటి పాపరాజు ఉత్తరరామాయణమును ఈ కుటుంబకథను చెప్పినవి. దీనికి సరిజోడగు మఱియొక కుటుంబకథ గోలకొండ రాజ్యమునఁ గావ్యమైనది. 1591లో హైదరాబాదును నిర్మించిన కుతుబ్‌షాహీల యేలుబడిలోనే పొన్నెగంటి తెలగనార్యుఁడు అచ్చతెనుఁగు యయాతిచరిత్రమును అమీన్‌ఖానున కంకితమిచ్చెను. ఆ యయాతి కథలో బ్రాహ్మణియగు దేవయాని కొడుకు యదువు రాజ్యమును గోలుపోయెను. దానవియగు శర్మిష్ఠ కొడుకు పూరుఁడు తండ్రి ముదిమిని తాల్చి రాజయ్యెను.

కనుక రావణుని పాఠము చెప్పునపుడు తల్లిజాతిని నిందించుట మూలవిరుద్ధము. సామము కంఠస్థమై యుండియు అన్నసొమ్మునకు నాసపడుట మానలేకపోవుటయే యాతని దోషము. విద్య వేఱు, వినయము వేఱు. బాలురకుఁ జెప్పవలసిన దింతియే.