పక్షి ఛాయాచిత్రంలో వెలుగు, కూర్పు: స్వభావోక్తి నుండి ధ్వని వరకు

వ్యాససంగ్రహం:
పక్షి ఛాయాచిత్రాన్ని కేవలం గుర్తింపుకు ఆధారంగా కాక కళగా నిలిపేది ఏది అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇలియట్ పోర్టర్, మసాహిసా ఫుకాసే చిత్రాలలో వెలుగు, కూర్పుల పాత్రను భారతీయ అలంకారశాస్త్ర భావనలతో వివేచిస్తుంది.

కీలకపదాలు: ఛాయాచిత్రణ, స్వభావోక్తి, వక్రత, ధ్వని, ఔచిత్యం.

1. ఉపోద్ఘాతం

పక్షి ఛాయాచిత్రం ఎదురైనప్పుడు చూపరి సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న 'ఇది ఏ పక్షి?' అన్నది. ఈకల వరుస, ముక్కు వంపు, కాళ్ల రంగు స్పష్టంగా కనబడితే అది మంచి చిత్రమని మెచ్చుకుంటాం. గుర్తింపుతోనే పని ముగిసే చిత్రాన్ని కళ అనవచ్చునా? మన ఆలంకారికులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. వస్తుస్వభావాన్ని కళ్లకు కట్టించే స్వభావోక్తిని దండి 'కావ్యాదర్శం'లో అర్థాలంకారాలకు మొదట నిలిపాడు. కుంతకుడు 'వక్రోక్తిజీవితం'లో దీనిని అంగీకరించలేదు. స్వభావం అలంకరింపదగినది మాత్రమేననీ, అదే అలంకారమైతే అలంకరించడానికి వేరే వస్తువు మిగలదనీ అతని వాదం.

పక్షి ఛాయాగ్రాహకుని మాట వినదు. నిలబడమన్నచోట నిలబడదు. కాబట్టి ఆ స్వభావానికి అతడు చేర్చగలిగినవి ప్రధానంగా వెలుగు, కూర్పు. దండి, కుంతకుల అభిప్రాయభేదాన్ని పరీక్షించడానికి ఈ కళ అనువైనది.

2. పోర్టర్: స్వభావోక్తిలోని వక్రత

అమెరికాకు చెందిన ఇలియట్ పోర్టర్ (1901-1990) హార్వర్డ్‌లో వైద్యం చదివి, అక్కడే బోధన, పరిశోధన సాగించి, తర్వాత ఛాయాచిత్రణకు అంకితమయ్యాడు. మొదట్లో పక్షులను నలుపు తెలుపులలో చిత్రించాడు. పక్షులను గుర్తించడానికి రంగు అవసరమని ప్రచురణరంగం నుండి వచ్చిన అభిప్రాయం అతణ్ణి రంగు చిత్రాల వైపు మళ్లించింది. అంటే అతని రంగుకు తొలి ప్రేరణ గుర్తింపే. 1943లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ అతని రంగు పక్షి చిత్రాలను ప్రదర్శించింది.

పోర్టర్ ఈ చిత్రాలను ఫ్లాష్ బల్బుల వెలుగులో తీశాడు. దూరం రెట్టింపైతే అటువంటి వెలుగు బలం నాలుగో వంతుకు పడిపోతుంది. గూటిమీద పడినంత బలంగా అది వెనుకనున్న ఆకుల మీద పడదు. అందువల్ల పక్షి తన పరిసరాల నుండి విడివడి ముందుకు వస్తుంది. ఆ తోటలో ఏ వేళలోనూ ఆ పక్షి మన కంటికి అలా కనబడదు. ఉన్నదాన్ని ఉన్నట్లు చూపడానికి అక్కడ లేని వెలుగును తేవలసి వచ్చింది. స్వభావం పక్షిది, వక్రత వెలుగుది. ఈ మేరకు కుంతకుని వాదమే నెగ్గుతుంది.

అయితే ఆ వెలుగు తన ఉనికిని చాటుకోదు. తల్లిపక్షి, గూడు, నోరు తెరిచిన పిల్లలు ఒకే చట్రంలో ఇమిడినప్పుడు చూపరి దృష్టి తల్లి ముక్కుకూ పిల్లల నోళ్లకూ మధ్యనున్న కొద్దిపాటి ఎడం మీద నిలుస్తుంది. దండి స్వభావోక్తికి ఇచ్చిన గౌరవం ఇక్కడ సార్థకమవుతుంది. ఈ పద్ధతికి ఒక పరిమితి కూడా ఉంది. అన్నింటినీ వెలిగించిన చిత్రంలో చూపరి ఊహకు మిగిలే చోటు తక్కువ.

3. ఫుకాసే: చీకటిలోని వ్యంగ్యం

జపాను ఛాయాగ్రాహకుడు మసాహిసా ఫుకాసే (1934-2012) భార్య యోకో దూరమైన రోజులలో, స్వస్థలమైన హొక్కైడోకు ప్రయాణిస్తూ కాకులను విస్తృతంగా చిత్రించాడు. ఆ చిత్రాలు 1986లో 'కరాసు' పేరుతో పుస్తకంగా వచ్చాయి. జపాను భాషలో ఈ మాట కాకులకూ మాలకాకులకూ కూడా వర్తిస్తుంది. ఆంగ్లంలో పుస్తకం 'రేవెన్స్' అయింది. పక్షి పేరు ఇలా మారినా చిత్రాల శక్తి తగ్గలేదు. కారణం, అవి గుర్తింపు మీద ఆధారపడినవి కావు.

ఫుకాసే కూడా ఫ్లాష్ వాడాడు. రాత్రివేళ చెట్టుమీద గుమిగూడిన కాకుల చిత్రంలో శరీరాలు చీకటిలో కలిసిపోగా కళ్లు మాత్రం తెల్లని చుక్కలై మెరుస్తాయి. పోర్టర్ చేతిలో ఈకను వెల్లడించిన సాధనమే ఇక్కడ పక్షిని దాచింది. కాబట్టి అర్థాన్ని నిర్ణయించేది సాధనం కాదు, దేనిని చెప్పాలి, దేనిని చెప్పక విడవాలి అన్న వివేకం.

ఈ పుస్తకంలో కాకి లేని చిత్రాలు కూడా ఉన్నాయి. గాలికి జుట్టు ఎగసిన బడిపిల్లల చిత్రం వాటిలో ఒకటి. కాకుల తర్వాత చూస్తే ఆ జుట్టు రెక్కల్లా తోస్తుంది. ధ్వని పదంలోనే కాక ప్రబంధంలోనూ ఉంటుందన్న ఆనందవర్ధనుని సిద్ధాంతం దీనికి చక్కగా అన్వయిస్తుంది. అందువల్ల ఇందులోని ఒక్క చిత్రాన్ని విడదీసి 'ఇది విరహం' అనడం తొందరపాటు. కవి జీవితాన్ని పద్యానికి తాత్పర్యంగా చెప్పడం వంటిదే అది. పిండం ముట్టే కాకిని ఎరిగిన తెలుగు చూపరికి ఇవే చిత్రాలు పితృస్మృతిని కలిగించవచ్చు. అది సహృదయుని సంస్కారం నుండి పుట్టిన అర్థం. దానిని ఫుకాసే ఉద్దేశంగా ఆరోపించకూడదు.

4. తెలుగు నేలకు అన్వయం

పులికాట్ సరస్సులోని ఫ్లెమింగోలు, నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతులు మన ఛాయాగ్రాహకులకు ప్రియమైన వస్తువులు. అస్తమిస్తున్న సూర్యుని ముందు నల్లని ఆకృతులుగా వాటిని చూపడం నేడు పరిపాటి. కనబడకుండా చేసినంత మాత్రాన ధ్వని పుట్టదు. పదేపదే వాడిన ఉపమానంలా అదీ అరిగిపోతుంది. గూడబాతు లేత రంగు ఈకల వివరాలు నడిమధ్యాహ్నపు ఎండలో తేలికగా మాసిపోతాయి. ఉదయపు ఏటవాలు వెలుగు ఆ ఈకల పొరలను తెలుపుతుంది. ముక్కు ముందు విడిచిన నీటి జాగా ఎంత అన్నదానిని బట్టి ఆ పక్షి ఎదురుచూస్తున్నట్లో, కదలబోతున్నట్లో తోస్తుంది. ఆ జాగాను కత్తిరిస్తే భావం మారాలి. మారకపోతే అక్కడ ఉన్నది కూర్పు కాదు, అలంకరణ.

ఇక్కడే క్షేమేంద్రుని ఔచిత్యం గుర్తుకు రావాలి. రెక్కలు విచ్చిన దృశ్యం కోసం గుంపును బెదరగొట్టి లేపితే పక్షులు గూళ్లనూ మేతనూ విడిచిపెడతాయి. అప్పుడు చిత్రంలో మిగిలేది ఎగిరే స్వభావం కాదు, భయం. దానిని స్వేచ్ఛగా చూపే చిత్రం ఎంత అందంగా ఉన్నా అసత్యమే. వెలుగులో వక్రత ఉండవచ్చు. ఆ వక్రత వస్తువును హింసించి సాధించినది కాకూడదు.

5. ముగింపు

పోర్టర్ వెలుగుతో వెల్లడించాడు, ఫుకాసే వెలుగుతో దాచాడు. ఇద్దరి చిత్రాలూ కళగా నిలిచాయి కనుక స్పష్టత గానీ అస్పష్టత గానీ తనంతట తానే విలువ కాదు. వెలుగు, కూర్పు కలిసి పక్షి స్వభావానికి ఏ అర్థాన్ని చేర్చాయో, ఆ చేర్పులో పక్షి పట్ల ఔచిత్యం నిలిచిందో లేదో విమర్శకుడు పరిశీలించాలి. 'ఇది ఏ పక్షి?' అన్న ప్రశ్నకు సమాధానం దొరికిన తర్వాత కూడా చూపరిని తన ముందు నిలిపి ఉంచగలిగినదే కళాత్మక పక్షి ఛాయాచిత్రం.