వంగకు నారుమడి, గుమ్మడికి పాదు

కూరగాయల సాగులో గింజ మొలిపించే పద్ధతులు రెండు. వంగ, టమాట, మిరప, ఉల్లి, క్యాబేజీ లాంటివాటికి ముందు నారు పోసి, మొక్క ఎదిగాక పీకి పొలంలో నాటుతారు. గుమ్మడి, సొర, బీర, కాకర, దోసలకు మాత్రం పాదు చేసి, తీగ పారే చోటే గింజ పెడతారు. ఈ తేడా ఊరికే అలవాటుగా వచ్చింది కాదు. దాని గుట్టంతా వేరులో ఉంది.

వంగ మొక్కను పీకినప్పుడు తల్లివేరు కొస తెగుతుంది. తెగిన చోటికి పైన పక్కవేర్లు గుబురుగా పుడతాయి. నాటిన తర్వాత రెండు మూడు రోజులు వాడినట్టు కనిపించినా మొక్క తేరుకుంటుంది. గుమ్మడి వేరుకు ఆ ఓపిక లేదు. ఒకసారి తెగితే కొత్త వేర్లు పుట్టడం ఆలస్యం. ఈలోగా వెడల్పాటి ఆకుల నుంచి నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. కింద నుంచి తేమ అందక మొక్క తల వాల్చేస్తుంది.

నారుమడిని నేలకు 15 సెంటీమీటర్లు ఎత్తుగా, మీటరు వెడల్పున కడతారు. వెడల్పు అంతకు మించితే గట్టు మీద కూర్చున్న మనిషి చెయ్యి మడి మధ్యకు అందదు, కలుపు తీయాలంటే మడిలో కాలు పెట్టాల్సి వస్తుంది. నాలుగు మీటర్ల పొడవున్న మడులు పది ఉంటే ఎకరాకు సరిపడా నారు వస్తుంది. చివికిన పశువుల ఎరువు కలిపి మట్టిని పొడి చేశాక, పుల్లతో అడ్డంగా గీతలు గీసి, సెంటీమీటరు లోతులో గింజలు పలచగా రాలుస్తారు. గుప్పెట నిండా తీసి వెదజల్లే పద్ధతి ఇంకా చాలా చోట్ల ఉంది. అలా చల్లితే పని తొందరగా అవుతుంది గానీ, మొక్కలు ఒకచోట గుంపుకట్టి మరోచోట నేల బోడిగా మిగులుతుంది. పైన వరిగడ్డి పరిచి, సన్నని ధారలతో నీళ్ళు చల్లుతారు. మొలకలు కనబడగానే గడ్డి తీసేయాలి. ఆలస్యమైతే మొక్కలు వెలుతురు కోసం సాగి, పాలిపోయి, నిలబడలేక ఒరిగిపోతాయి.

నారుమడికి అసలు శత్రువు నారుకుళ్ళు. పిథియం లాంటి శిలీంధ్రాలు నేలను ఆనుకున్న చోట కాండాన్ని కుళ్ళబెడతాయి. అక్కడ కాండం నీరు పట్టినట్టయి, దారంలా సన్నబడి, మొక్క పచ్చగా ఉండగానే పడిపోతుంది. ఒకచోట మొదలై గుండ్రంగా చుట్టూ పాకుతుంది. నారు పోసినవాడు నీరు పోయడా అని సామెత. కూరగాయల నారు మాత్రం ఎక్కువగా చచ్చేది ఆ నీరు మితిమీరే. మబ్బు పట్టిన రోజుల్లో తడి తగ్గించడం, విత్తనం పలచగా వేయడం సగం మందు. ఏప్రిల్, మే నెలల్లో మడి తడిపి, పారదర్శకమైన పాలిథిన్ షీటు నాలుగు నుంచి ఆరు వారాలు కప్పి ఉంచితే ఆ వేడికి మట్టిలోని శిలీంధ్రాలు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. విత్తనానికి ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే శిలీంధ్రాన్ని పట్టించడం మరో జాగ్రత్త. ప్రకృతి వ్యవసాయం చేసేవారు ఆవు పేడ, మూత్రం, సున్నం, పిడికెడు మట్టి నీళ్ళలో కలిపిన బీజామృతాన్ని వాడతారు. తెగులు కనిపించాక అయితే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి మడి తడపడమే దారి.

టమాట నారు 25–30 రోజులకు, వంగ 30–35 రోజులకు, మిరప 40–45 రోజులకు నాటడానికి వస్తుంది. ముదిరిన నారు సరిగ్గా ఎదగదు, పొట్టిగా ఉండగానే పూతకొస్తుంది. పీకడానికి ఐదారు రోజుల ముందు నుంచి నీళ్ళు తగ్గిస్తే మొక్క గట్టిపడుతుంది. పీకే రోజు మాత్రం మడి బాగా తడపాలి, లేకపోతే వేర్లు మట్టిలోనే తెగి ఉండిపోతాయి. నాటడానికి సాయంత్రం మంచిది, మబ్బు రోజు ఇంకా మంచిది.

గుమ్మడి పద్ధతి వేరు. తియ్య గుమ్మడి అమెరికా ఖండాల నుంచి వచ్చిన పంట. అయినా ఇక్కడి సొర, బీరలకు చేసే పాదే దానికీ అమిరింది. అడుగున్నర గుంత తీసి, ఎరువు, పైమట్టి కలిపి నింపి, నాలుగైదు గింజలు రెండు మూడు సెంటీమీటర్ల లోతున పెడతారు. మొలిచాక బలమైన రెండింటిని ఉంచి తక్కినవి కత్తిరిస్తారు. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది. కాకర, పొట్ల గింజల పెంకు గట్టిది కాబట్టి రాత్రంతా నానబెట్టడం మేలు.

గుమ్మడి గింజను బల్లపరుపుగా పడుకోబెట్టాలి. వేరు కిందికి దిగగానే, వేరూ కాండమూ కలిసే చోట అడుగువైపున చిన్న కొక్కెం లాంటి బొడిపె లేస్తుంది. అది పెంకు అడుగు అంచును కిందికి తొక్కిపట్టి ఉంచుతుంది. విల్లులా వంగిన కాండం పైకి లేస్తూ విత్తనాకులను పెంకులోంచి బయటికి లాగుతుంది. చార్లెస్ డార్విన్ 1880లో మొక్కల కదలికల మీద వెలువరించిన పుస్తకంలో ఈ కొక్కెం పనితనాన్ని వివరించాడు. గింజను నిలువుగా గుచ్చినా, మరీ పైపైన పెట్టినా ఆ పట్టు దొరక్క, మొలక నెత్తిన పెంకు టోపీలా ఇరుక్కుంటుంది.

మొలిచిన వారంలోనే ఎర్రటి పెంకు పురుగులు వచ్చి లేత ఆకులకు చిల్లులు పెడతాయి. తెల్లవారుజామున మంచు తడి మీద కట్టెల బూడిద చల్లడం పెరటి వైద్యం. తీగజాతుల మీద గంధకం మాత్రం చల్లకూడదు, ఆకులు మాడిపోతాయి.

విత్తనం దాచడంలోనూ మెలకువ కావాలి. తీగ మీద బాగా ముదిరిన కాయ నుంచి గింజలు తీసి, కడిగి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి నిల్వ చేస్తారు. తియ్య గుమ్మడికి సొరతో గానీ బూడిద గుమ్మడితో గానీ సంకరం జరగదు. పక్కింటి తియ్య గుమ్మడి వేరే రకమైతే మాత్రం తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి. రకం నిలుపుకోవాలంటే మర్నాడు విచ్చబోయే ఆడ, మగ మొగ్గలను సాయంత్రమే దారంతో కట్టి, ఉదయం చేత్తో పుప్పొడి అద్ది, ఆడపువ్వును మళ్ళీ మూసేయాలి. హైబ్రిడ్ కాయ గింజలు దాచి ప్రయోజనం లేదు. తర్వాతి తరం తల్లిలా రాదు.

ప్రోట్రేలు, అంటే గుంటలున్న నారు ట్రేలు, వచ్చాక పాత హద్దు కొంత చెరిగింది. కొబ్బరిపొట్టు నింపిన గుంటల్లో ఒక్కో గింజ మొలుస్తుంది, వేరు ముద్ద చెదరకుండా మొక్క బయటికొస్తుంది. అందువల్ల గుమ్మడిని కూడా రెండు నిజమైన ఆకులు వేసే 12–15 రోజుల వయసులో నాటవచ్చు. మిద్దెతోటల్లో ఇదే పనికి పాల ప్యాకెట్లు వాడుతున్నారు. ఖరీదైన హైబ్రిడ్ విత్తనానికి ట్రే తగినదే. ఇంటి విత్తనం చేతినిండా ఉండి, తొలకరి తడి దొరికినప్పుడు పాదును మించింది లేదు.

అమెరికా చలి రాష్ట్రాల్లో పెరటి సాగు చేసే తెలుగువారికి ఆ ఎంపిక అంత సులువు కాదు. మంచు దెబ్బ ముప్పు తప్పేసరికి మే నెల వస్తుంది. సొర, బీరలకు వేసవి చాలదు కనుక మూడు నాలుగు వారాల ముందే ఇంట్లో కప్పుల్లో గింజ పెట్టి, వారం రోజులు మెల్లగా బయటి ఎండకు అలవాటు చేసి నాటాలి. తొందరపడి నెలల ముందు మొలిపిస్తే కప్పులో వేర్లు చుట్టుకుపోతాయి. అలాంటి ముదురు మొక్కను, వేడెక్కిన నేలలో నేరుగా పెట్టిన గింజ తరచూ దాటిపోతుంది.