లిథియం శిశువుల పట్టిక – ఒక విమర్శ

1968లో డెన్మార్కు దేశానికి చెందిన మోగెన్స్ స్కౌ అనే మానసిక వైద్యశాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలసి ఒక పట్టిక తెరిచారు. గర్భం ధరించిన తొలిమాసాలలో లిథియం మందు పుచ్చుకొన్న తల్లులకు పుట్టిన బిడ్డల వివరాలు వ్రాసి పంపవలసినదని వైద్యులను కోరారు. కొద్దికాలానికే అమెరికా, కెనడా వైద్యులు కూడా ఇందులో చేరారు. దీనికి ‘లిథియం శిశువుల పట్టిక’ అని పేరు వచ్చింది. ఇందులోని అంకెలు దాదాపు పాతికేళ్లు వైద్యగ్రంథాలను ఏలినవి. ఆ అంకెలను చదివిన తీరులో ఒక లోపం ఉన్నది. మన ఉన్నత పాఠశాల విద్యార్థి సైతం దానిని పట్టుకోగలడు. అందువల్లనే దానిని ఇక్కడ పరిశీలిస్తున్నాము.

ముందు వ్యాధిని గురించి రెండు మాటలు. బైపోలార్ వ్యాధిలో రోగి మనస్సు కొంతకాలం పట్టరాని ఉద్రేకానికి పోతుంది. అప్పుడు నిద్ర ఉండదు, మాటకు అడ్డు ఉండదు, డబ్బు మంచినీళ్లవలె ఖర్చవుతుంది. మరికొంతకాలం గాఢమైన విషాదంలో మునిగి, ప్రాణం మీద తీపి కూడ నశిస్తుంది. ఈ ఉద్రేకాన్ని లిథియం లవణాలు అణచగలవని ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ 1949లో ప్రకటించారు. మూలకాల పట్టికలో సోడియానికి సరిగ్గా పైగడిలో ఉండే లోహమే ఈ లిథియం. ఆ పొరుగుతనం సంగతి మళ్లీ వస్తుంది.

ఇక పట్టిక మాట. అందులో చివరకు చేరిన శిశువులు 225 మంది. వారిలో 25 మందికి పుట్టుకతో అవయవ లోపాలున్నవి. ఆ 25 మందిలో 18 మందికి గుండె, రక్తనాళాల లోపాలే. అందులోనూ ఆరుగురికి ‘ఎబ్‌స్టైన్ లోపం’ ఉన్నది. అనగా గుండె కుడివైపు గదుల నడుమ ఉండవలసిన కవాటం క్రిందికి జారి ఏర్పడుట. ఇది సామాన్యంగా 20,000 మంది శిశువులలో ఒకరికి మాత్రమే కనబడే లోపం. 225 మందిలో ఆరుగురంటే సుమారు 37 మందికి ఒకరు. ఇరవైవేలను ముప్పైయేడుతో భాగిస్తే ఐదువందలు దాటుతుంది. ఇటువంటి గణితం నుండే ‘లిథియం వల్ల ఎబ్‌స్టైన్ లోపం నాలుగువందల రెట్లు పెరుగుతుంది’ అన్న వాక్యం పుట్టింది, పుస్తకం నుంచి పుస్తకానికి ప్రాకింది.

భాగహారంలో తప్పు లేదు. మరి తప్పెక్కడ? రైల్వే స్టేషనులోని ఫిర్యాదుల పుస్తకం ముందు పెట్టుకొని, నూటికి ఎన్ని బండ్లు ఆలస్యంగా నడిచినవో చెప్పగలమా? వేళకు వచ్చిన బండిని గురించి ఎవడూ పుస్తకం అడిగి సంతకం పెట్టడు గదా! అదేవిధంగా, లిథియం పుచ్చుకొన్న తల్లికి చక్కని బిడ్డ పుడితే, ఆ వైద్యునికి డెన్మార్కుకు ఉత్తరం వ్రాయాలని తోచకపోవచ్చును. గుండె చెడిన బిడ్డ పుడితే తప్పక వ్రాస్తాడు. కాబట్టి పట్టికలో లవం ఉన్నది గాని, నమ్మదగిన హారం లేదు. హారం తెలియని భిన్నాన్ని మరొక భిన్నంతో పోల్చి ‘ఇన్ని రెట్లు’ అనుట శాస్త్రం కాదు.

స్కౌ బృందం పట్ల న్యాయంగా ఉండాలి. ఈ పక్షపాతం పట్టికలో ఉండవచ్చునని 1973 నివేదికలో వారే హెచ్చరించారు. అపాయ సూచన ఏదైనా ఉంటే త్వరగా కనిపెట్టడానికి అటువంటి పట్టిక మంచి సాధనమే. అవయవ లోపాలు లేకుండా పుట్టిన 60 మంది పిల్లలను స్కౌ తరువాత మళ్లీ పరిశీలించి, వారి ఎదుగుదల తోబుట్టువుల ఎదుగుదలకు భిన్నంగా లేదని 1976లో ప్రకటించారు. తప్పు గంట కొట్టినవారిది కాదు, గంట మోతనే తూకమని భ్రమించినవారిది.

ఆ భ్రమ వెల చెల్లించినది తల్లులు. మందు వల్ల బిడ్డకు కలిగే అపాయాన్ని లెక్కించారు గాని, మందు మానితే తల్లికి కలిగే అపాయం లెక్కలోనికే రాలేదు. గర్భం దానంతటదే మనస్సును కాపాడుతుందని అనేకులు నమ్మేవారు. అమెరికాలో 89 మంది బైపోలార్ స్త్రీలను గర్భకాలమంతటా గమనించి 2007లో ప్రకటించిన పరిశోధన ఆ నమ్మకాన్ని కూల్చింది. మందు మానినవారిలో నూటికి 85 మందికి పైగా వ్యాధి తిరగబెట్టింది. కొనసాగించినవారిలో నూటికి 37 మందికి. ఎవరు మానాలో చీట్లు తీసి నిర్ణయించలేదు గనుక ఈ అంకెలనూ కొంత జాగ్రత్తగానే చదవాలి. కాని వ్యత్యాసం చిన్నది కాదు. హఠాత్తుగా మానినవారికి వ్యాధి మరీ త్వరగా తిరగబెట్టింది. తిండి, నిద్ర మాని ఆత్మహత్యకు తలపడే తల్లి కడుపులోని బిడ్డకు లిథియం లేకపోయినంత మాత్రాన క్షేమమెక్కడిది?

హారం ఉన్న పెద్ద లెక్క ఒకటి 2017లో వచ్చింది. అమెరికాలో పేదలకు ప్రభుత్వం కల్పించే వైద్యబీమా దస్తాల నుండి 13 లక్షలకు పైగా కాన్పులు పరిశీలించారు. తొలి మూడు మాసాలలో లిథియం వాడిన 663 మందిలో 16 మంది బిడ్డలకు గుండె లోపం ఉన్నది, అనగా నూటికి 2.41. వాడనివారిలో నూటికి 1.15. ఇతర కారణాలను సర్ది చూస్తే 1.65 రెట్లు, నూరు కాన్పులకు సుమారు ఒక బిడ్డ అధికం. రోజుకు 600 మిల్లీగ్రాముల లోపు వాడినవారిలో పెరుగుదల స్వల్పం (1.11 రెట్లు), 900 దాటితే మూడు రెట్లకు పైన. ఈ పరిశోధనకూ లోపాలు లేకపోలేదు. మందు కొన్నట్లు దస్తాలు చెబుతవి గాని మింగినట్లు చెప్పవు. పైగా సజీవంగా పుట్టిన శిశువులనే లెక్కించారు; లోపం ముందే కనబడి గర్భం తొలగించుకొన్నవారు ఇందులో లేరు. అయినా నాలుగువందల రెట్లకూ, ఒకటిన్నర రెట్లకూ మధ్య ఎంత దూరం!

అపాయం తగ్గినదంటే మందులన్నీ ఒకటేనని కాదు. 1979 నుండి అమెరికా ప్రభుత్వం గర్భిణుల మందులకు అక్షరాలతో తరగతులు పెట్టింది. లిథియానికి ‘డి’ తరగతి. ఉద్రేకానికి, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్‌కూ అదే ‘డి’. వాల్‌ప్రోయేట్ వెన్నెముక పూడకపోవుటకు కారణమౌతుందని 1982లో ఫ్రాన్సులోనే బయటపడింది. దానిని వాడిన తల్లుల బిడ్డలలో నూటికి పదిమందికి అవయవ లోపాలు, అంతకంటె ఎక్కువమందికి బుద్ధివికాసంలో కొరత కనబడినవి. ఇంత తేడా ఉన్న రెండు మందులకు ఒకే అక్షరమా? ఆ అక్షరాలను 2015లో తొలగించారు, మంచి పని. గర్భం ధరించగల స్త్రీకి వాల్‌ప్రోయేట్ సాధ్యమైనంతవరకు వాడరాదని ఇప్పటి అభిప్రాయం. లామోట్రిజిన్ వంటి మందులకు ఆ చెడ్డపేరు లేదు. కాని విషాదాన్ని ఆపినంతగా అది ఉద్రేకాన్ని ఆపదు.

ఇప్పుడు సోడియం పొరుగుతనానికి వద్దాము. మూత్రపిండం లిథియాన్ని చాలవరకు సోడియం వలెనే చూస్తుంది. గర్భకాలంలో మూత్రపిండాల పని పెరిగి లిథియం ఎక్కువగా బయటికి పోతుంది, రక్తంలో పాలు తగ్గుతుంది. అందుచేత మాటిమాటికి రక్తపరీక్ష చేసి మోతాదు సరిచేయాలి. కాన్పు కాగానే మూత్రపిండాలు పూర్వస్థితికి వస్తవి. పెంచిన మోతాదే విషమౌతుంది. శరీరంలో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండం లిథియాన్ని పట్టి ఉంచుతుంది. మన పల్లెలలో బాలింతకు దాహం తీర నీరివ్వక, చప్పిడి పథ్యం పెట్టే ఆచారం ఇంకా అక్కడక్కడ ఉన్నది. సామాన్య బాలింతకే అది మంచిది కాదు. లిథియం వాడే బాలింతకు ప్రాణాపాయం. చేతులు వణకుట, వాంతులు, మాట తడబడుట కనిపిస్తే గాలి సోకినదని వేపమండలు పట్టుకోక వెంటనే ఆసుపత్రికి పోవాలి.

కాన్పయిన తొలివారాలే ఈ వ్యాధికి అత్యంత ప్రమాదకరమైన కాలం. అప్పుడు మందు మానరాదు. మరి చనుబాలు? పదిమంది తల్లులను, బిడ్డలను పరీక్షించి 2007లోనే ప్రకటించిన మరొక వ్యాసం ప్రకారం, తల్లి రక్తంలోని లిథియంలో సుమారు సగం పాలలోనికి, అందులో సగం బిడ్డ రక్తంలోనికి చేరుతుంది. దీనిని బట్టి కొందరు వైద్యులు బిడ్డ రక్తాన్ని పరీక్షిస్తూ పాలివ్వవచ్చునంటారు; బ్రిటిషు మార్గదర్శకులు వద్దంటారు. పదిమందితో తేలే ప్రశ్న కాదు గనుక ఈ భేదాభిప్రాయం సబబే. చనుబిడ్డకు విరేచనాలు పట్టుకొంటే ఆ పాతికవంతు నిలవదు, పెరుగుతుంది; ఆ రోజులలో పోతపాలు పట్టి బిడ్డను వైద్యునికి చూపాలి. అసలు రాత్రిపూట ఒక విడత పాలు అమ్మమ్మో తండ్రో పట్టి తల్లిని నిద్రపోనిస్తే, మందు చేసే పనిలో కొంత నిద్రే చేస్తుంది.