నోటికెక్కే ఛందస్సు: పాల్కురికి సోమన ద్విపద

జనగామ జిల్లా పాలకుర్తిలో ఒకే గుట్ట మీద సోమేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు కొలువున్నారు. ఏటా శివరాత్రికి అక్కడ జాతర జరుగుతుంది. ఆ ఊరి పేరే ఇంటిపేరైన కవి పాల్కురికి సోమనాథుడు. అదే మండలంలో బమ్మెర ఉంది, పోతన ఊరు. సోమనది కర్ణాటకలోని హాలుకురికె అన్నవాళ్లున్నారు, పోతనది కడప జిల్లా ఒంటిమిట్ట అన్నవాళ్లూ ఉన్నారు. సోమన కాలాన్ని 12వ శతాబ్ది చివర పెట్టిన పండితులున్నారు, ప్రతాపరుద్రుడి కాలం దాకా జరిపిన పండితులూ ఉన్నారు. ఆ వాదాల జోలికి ఇక్కడ పోను. పక్కపక్క ఊళ్లు ఇద్దరు మహాకవులను తమవాళ్లుగా చెప్పుకోవడం జనగామకు దక్కిన భాగ్యం.

అయితే పోతన పద్యం నాలుగైనా రాని తెలుగు ఇల్లు అరుదు. సోమన మాత్రం పాఠ్యపుస్తకంలో ఒక పేరుగా, పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా మిగిలిపోయాడు. ఇది నాకు బాధ కలిగించే విషయం. ఆయన గొప్పదనం భక్తిలో ఉందంటారు కొందరు, కులాన్ని ధిక్కరించడంలో ఉందంటారు మరికొందరు. రెండూ నిజమే. నాకు అన్నిటికన్నా ముందు కనిపించేది ఆయన చూపు. చుట్టూ ఉన్న మనుషులు ఏం పాడుతున్నారు, ఏం ఆడుతున్నారు, బిడ్డకు నీళ్లెలా పోస్తున్నారు, దేవుడితో ఎలా పోట్లాడుతున్నారు అని తెలుసుకోవాలనే తీరని ఆసక్తి అది. అంత లోకాన్ని మోయడానికి ఆయన ఎంచుకున్న బండి ద్విపద.

ద్విపద కట్టుబాటు ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. రెండు పాదాలు. ఒక్కో పాదంలో మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం. నల, నగ, సల, భ, ర, త అనే ఆరూ ఇంద్రగణాలు. వీటిలో ఏదైనా నాలుగు మాత్రలో ఐదు మాత్రలో ఉంటుంది. సూర్యగణాలు న, హ అని రెండే, రెండూ మూడు మాత్రలవే. పాదం మొదటి అక్షరానికీ మూడో గణం మొదటి అక్షరానికీ యతి కుదరాలి. రెండు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే కావాలి, అది ప్రాస. ప్రాస లేకపోతే మంజరీ ద్విపద అంటారు.

సూత్రంగా చదివితే ఇదంతా పొడిగా ఉంటుంది. అందుకని శివరాత్రి రోజుల్లో ఆ దారిన పోతే కనబడే దృశ్యాన్ని ఒక ద్విపదగా కట్టి చూపిస్తాను.

పాలకుర్తికి పోవు బాటలో నేడు
నేలంత మోదుగు నిప్పులై రాలె

మొదటి పాదాన్ని విరిచి చూడండి. ‘పాలకు’ దగ్గర ఒక గణం. వెనకే ‘ర్తి’ అనే జంటాక్షరం ఉంది కనుక ‘కు’ గురువైంది, రగణం వచ్చింది. ‘ర్తికిపోవు’ సలం. ‘బాటలో’ మళ్లీ రగణం. ‘నేడు’ హగణం. మూడో గణం ‘బా’తో మొదలైంది, పాదం ‘పా’తో మొదలైంది. ప, బ ఒకే వర్గం, అచ్చు కూడా ఒకటే, యతి కుదిరింది. రెండో పాదంలో ‘నే’కూ ‘ని’కీ అలాగే పొత్తు. రెండో అక్షరం రెండు పాదాల్లోనూ లకారమే. లెక్క వేస్తే మొదటి పాదంలో 18 మాత్రలు, రెండోదానిలో 17. అక్షరాలు 12, 11. అంటే రెండు పాదాలూ తూకానికి సమానం కావు, అయినా చెవికి సమానంగానే వినిపిస్తాయి. ద్విపద గుట్టంతా ఇక్కడే ఉంది.

ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు. ఏ స్థానంలో గురువు, ఏ స్థానంలో లఘువు అన్నది ముందే రాసిపెట్టి ఉంటుంది. దానిలో ఇమడడానికి కవి చాలాసార్లు సంస్కృత సమాసాన్ని ఆశ్రయిస్తాడు, సమాసం ఆ సాంచాలో చక్కగా కూర్చుంటుంది. ద్విపద పాదం 11 అక్షరాల నుంచి 15 దాకా, 15 మాత్రల నుంచి 18 దాకా సాగుతుంది, ముడుచుకుంటుంది. ఇంట్లో, పొలంలో మనం మాట్లాడే చిన్న చిన్న తెలుగు మాటలు నలగకుండా అందులో పడతాయి. పైగా నాలుగు పాదాల పద్యం పూర్తికాగానే తలుపు మూసుకుంటుంది, కథ మళ్లీ తలుపు తీసుకుని రావాలి. ద్విపదకు ఆ అడ్డు లేదు. ఒక జంట మీద ఇంకో జంట, కథ ఎంత దూరం పోతే అంత దూరం. సోమన అక్కడ కూడా ఆగలేదు. వాక్యాన్ని పాదం చివర ముగించాలన్న నియమం పెట్టుకోకుండా తర్వాతి జంటలోకి పారనిచ్చాడు. దానివల్ల లయ ఒక దారిన, మాట ఇంకో దారిన నడుస్తూ, వినేవాడిలో ‘ఆ తర్వాత?’ అన్న ఆత్రం పుట్టిస్తాయి.

ఎందుకిలా రాశాడో బసవపురాణం మొదట్లో ఆయనే చెప్పుకున్నాడు. పెద్ద పెద్ద గద్యపద్యాలు అందరికీ అందవు, జాను తెనుగు అయితే అందరికీ రుచిస్తుంది, అందుకే ద్విపదలో చెబుతున్నానన్నాడు. ఉత్త తెలుగు మాటలే కదా అని తీసిపారేయవద్దని, వేదాలతో సమానంగా చూడమని అడిగాడు. రాజాస్థానంలో చంపూకావ్యమే కావ్యమనుకునే రోజుల్లో ఆ మాట అనడానికి గుండె కావాలి. సంస్కృతం రాకపోవడంవల్ల అన్నమాటా కాదిది. వృషాధిప శతకంలో సంస్కృతం, కన్నడం, తమిళం, మరాఠీ అన్నిట్లోనూ పద్యాలు చెప్పిన పండితుడాయన. అన్నీ తెలిసి తెలుగును ఎంచుకున్నాడు.

ఇక బెజ్జమహాదేవి కథ. బసవపురాణంలో నన్ను పదే పదే వెనక్కి పిలిచే కథ ఇది. ఆ అమాయకపు భక్తురాలికి ఒకరోజు ఒక అనుమానం వస్తుంది. లోకంలో అందరికీ తల్లి ఉంది, శివుడికి లేదేం? తల్లే ఉంటే జుట్టు జడలు కట్టేదాకా చూస్తూ ఊరుకునేదా? మెడలో పాముల్ని వేసుకోనిచ్చేదా? వల్లకాట్లో తిరగనిచ్చేదా? బిచ్చమెత్తనిచ్చేదా? విషం తాగుతుంటే చెయ్యి పట్టుకోకుండా ఉండేదా? పురాణాలు శివుడి మహిమలుగా చెప్పిన వాటన్నిటినీ ఆమె తల్లిలేని పిల్లాడి కష్టాలుగా చదివింది. ఆపైన తానే తల్లి అయింది. ఒంటికి నూనె పట్టించి, నీళ్లు పోసి, కాటుక దిద్ది, పాలు పట్టి సాకింది. ఆ పసిబిడ్డ పెంపకాన్ని సోమన పూసగుచ్చినట్టు చెబుతాడు. బాలింత ఇంట్లో పెద్ద ముత్తైదువ చేసే పనులను దగ్గర కూర్చుని చూసినవాడు మాత్రమే అలా రాయగలడు. వేదాంతం ఒక్క ముక్క లేదు, దేవుడికీ మనిషికీ ఉన్న దూరం మాత్రం తరిగిపోయింది. గొడగూచి కథలోనూ ఇదే తీరు. తండ్రి అప్పగించిన పాలగిన్నెతో గుడికి పోయిన పిల్ల, శివుడు నిజంగా తాగుతాడనే నమ్మి, తాగకపోతే ఏడ్చి మారాం చేసి తాగిస్తుంది.

పక్కనే మడివాలు మాచయ్య బట్టలుతుకుతుంటాడు, మాదార చెన్నయ్య చెప్పులు కుడుతుంటాడు, కిన్నర బ్రహ్మయ్య కిన్నెర మీటుతుంటాడు. 12వ శతాబ్దిలో బిజ్జలుడి కల్యాణంలో బసవన్న చుట్టూ చేరిన ఉద్యమం ఇలాంటి చేతులదే. ఆ చేతుల పనిని కావ్యానికి తగిన వస్తువుగా చూసిన తొలి తెలుగు కవుల్లో సోమన ముందుంటాడు.

ఇంత మెచ్చుకుంటూ ఒక మాట దాచడం న్యాయం కాదు. జైనుల మీద, ఇతర మతాల మీద ఆయన కథల్లో ఉన్న కాఠిన్యం ఇవాళ చదివితే గుచ్చుకుంటుంది. జనగామకు దగ్గరలోనే ఉన్న కొలనుపాకలో జైన మందిరమూ ఉంది, వీరశైవుల సోమేశ్వరాలయమూ ఉంది. ఆ నేల రెంటినీ మోసింది. సోమన తన పక్షాన నిలబడి కొట్లాడిన మనిషి, ఆ కోపంతో సహా ఆయన్ని చదవాలి.

పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం ఇంకో లోకం. శివరాత్రికి శ్రీశైలం ఎక్కుతున్న జనం వరసలో సోమన కూడా నడుస్తున్నట్టే ఉంటుంది. ప్రమథుల చరిత్రలను నాటకాలాడేవాళ్లు, గడల మీద ఆడే గడసానులు, చీర మరుగున భారత కథల బొమ్మల్ని ఆడించేవాళ్లు. మన తోలుబొమ్మలాట ఎంత పాతదో చెప్పాలనుకున్న చరిత్రకారులు మొదట తిరగేసే పుటలివి. పాటల జాబితా మరీ అపురూపం: తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వాలేశు పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. రాగాల పేర్లు, వీణల రకాలు కూడా ఏకరువు పెట్టాడు. భక్తిగ్రంథానికి ఇవన్నీ అక్కర్లేదు. విన్నది జారిపోనివ్వకూడదన్న తపన ఉన్నవాడికే అవి అక్కర.

ఆయన వేసిన బాటలో చాలామంది నడిచారు. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం ద్విపదే. గౌరన హరిశ్చంద్ర కథ ద్విపదే. తాళ్లపాక తిమ్మక్క సుభద్రా కల్యాణాన్ని మంజరిలో చెప్పింది. కన్నడంలో భీమకవి 1369లో బసవపురాణాన్ని షట్పదిలోకి తెచ్చాడు. పండితులు మాత్రం ద్విపదను చాలాకాలం చిన్నచూపు చూశారు. 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరించిన బసవపురాణం, 1939లో చిలుకూరి నారాయణరావు పెద్ద పీఠికతో వెలువరించిన పండితారాధ్య చరిత్ర ఆంధ్ర గ్రంథమాలలో అచ్చయ్యాక గానీ ఆ చూపు మారడం మొదలవలేదు. 1990లో వెల్చేరు నారాయణరావు, జీన్ రోఘెయర్ కలిసి చేసిన బసవపురాణం ఇంగ్లీషు అనువాదాన్ని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం అచ్చువేసింది.

ఈ నేల శైవం ఒక్క పాలకుర్తిది కాదు. మహబూబాబాద్ జిల్లా కురవిలో వీరభద్రుడున్నాడు. భూపాలపల్లి జిల్లాలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న కాళేశ్వరం ఉంది, గణపురంలో కాకతీయుల కోటగుళ్లున్నాయి. రాతిలో చెక్కినవి చూడటానికి బస్సెక్కి వచ్చేవాళ్లు చాలామంది. అదే కాలపు తెలుగు మనుషుల గొంతులు వినాలంటే మాత్రం సోమన పుస్తకం తెరవాలి.

తెరిచాక కళ్లతో చదివితే కుదరదు, పైకి చదవాలి. మూడో గణం దగ్గర యతి మీద గొంతు కాస్త నొక్కి, పాదం చివర ఆగకుండా అర్థం ఎక్కడ ఆగితే అక్కడ ఊపిరి తీసుకోవాలి. ఒకరు చదువుతుంటే ఇంకొకరు వంత అందుకుంటే ఇంకా మంచిది. లింగాల ఘనపురం మండలం మాణిక్యపురానికి చెందిన ఒగ్గుకథ దిగ్గజం చుక్క సత్తయ్య 2017లో కన్నుమూసేదాకా ఈ ప్రాంతం వంతపాట బలమేమిటో చూసింది. ఒగ్గుకథంతా ద్విపదలో ఉండదు, పాటా వచనమూ ఆటా కలిసి నడుస్తాయి. అయినా కథకుడు విడిచిన మాటను వంతగాడు అందుకునే తీరు తెలిసిన చెవికి సోమన పరాయివాడనిపించడు.

పాత మాటలు కొన్ని అడ్డుపడతాయి, పడనివ్వండి. బెజ్జమహాదేవితో మొదలుపెట్టి, గొడగూచి దగ్గరికి పోయి, తర్వాత పర్వత ప్రకరణంలోని పాటల జాబితా చూడండి. ఆ తొమ్మిది పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, మీ ఊళ్లో నాట్లకు పోయే అమ్మలను, సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టే అవ్వలను అడగండి. గొబ్బి పాట వెంటనే దొరకొచ్చు. వెన్నెల పాట ఏ ముసలమ్మకో గుర్తుండొచ్చు. తుమ్మెద పదం దొరికితే ఫోన్లో రికార్డు చేసి, పాడిన మనిషి పేరూ ఊరూ కూడా రాసిపెట్టండి.