చెవితో పట్టే పిట్ట

వేప పూతకొచ్చే రోజుల్లో పెరటి చెట్టును మించిన బడి లేదు. చలికాలమంతా మన కొమ్మల్లో పురుగులేరుకున్న వలస పాటపిట్టలు హిమాలయాలకూ, మధ్య ఆసియాకూ, సైబీరియాకూ తిరుగుదారి పట్టేది అప్పుడే. వాటిలో గ్రీనిష్ వార్బ్లర్ పది గ్రాములైనా తూగదు. ఆకుల మధ్య ఆకురంగులోనే ఉండే దాన్ని రంగు చూసి పట్టడం కుదరదు. చెయ్యి తిరిగినవాళ్లు ముందు గాలి లేకుండా ఊగిన ఆకును చూస్తారు. తర్వాత పిట్ట ఏ ఎత్తున తిరుగుతోందో గమనిస్తారు. ఆ తర్వాత పిలుపు వింటారు. పైకొమ్మల్లో ‘చిస్‌వీ’ అని రెండు ముక్కల్లో పలికితే అది గ్రీనిష్ వార్బ్లరే. కంటి మీది లేత చార, రెక్క మీది సన్నగీత అందుకు సాక్ష్యాలు. ఈకలు అరిగితే గీత మాయమవుతుంది, పిలుపు అరగదు. కింది పొదల్లో ‘చక్... చక్’ మంటే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. తోక ఎగరేస్తూ ‘ట్ర్‌ర్’ మనేది రెడ్‌బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్.

ఈ విద్యలో మహానుభావులకు కొదవలేదు. ఒకేలా కనిపించే మూడు వార్బ్లర్లు మూడు వేరువేరు జాతులని 1768లోనే వాటి పాటలను బట్టి తేల్చాడు ఇంగ్లండులోని సెల్‌బోర్న్ పల్లెకు చెందిన గిల్బర్ట్ వైట్. ఎంత చెవి! 1930ల తొలినాళ్లలో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల లెక్క రాసిన సలీం అలీ, 1941లో అచ్చయిన పుస్తకంతో మామూలు మనిషికీ ఈ చూపు నేర్పాడు.

ఇప్పుడేమో కొమ్మ కింద ఫోన్ పట్టుకుంటే యాప్ పేరు చెబుతోంది. కొత్తవాళ్లకు అది ఆసరాయే, కాదనను. కానీ పేరు తెలియడం వేరు, పిట్ట తెలియడం వేరు. యాప్ పొరబడితే తప్పని చెప్పాల్సింది మళ్లీ సాధన చేసిన చెవే. ఫొటో తిరుగులేని రుజువు కదా అంటారు. ఒప్పుకుందాం, కానీ ఆ ఫొటో కోసం రికార్డు చేసిన పాట వినిపించి పిట్టను రప్పించడం ఏం విద్య? చలికాలంలోనూ తన చెట్టును పిలుపుతోనే కాచుకునే ప్రాణి అది. లేని శత్రువు మీదికి దాన్ని ఉసిగొల్పి, దూరప్రయాణానికి కూడబెట్టుకున్న సత్తువ ఖర్చు చేయించడం వేట కాక మరేమిటి?

ఇక వినాలన్నా పిట్ట ఉండాలి కదా. 2023 నాటి ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదికలో దీర్ఘకాలపు ధోరణి తేలిన 338 జాతుల్లో 60 శాతం తగ్గుముఖం పట్టాయి. మనమేమో ఆకు రాలుతుందని వేపచెట్టు కొట్టేసి పెరడంతా సిమెంటు పరుస్తున్నాం, పురుగు పడిందని మందు కొడుతున్నాం. పిట్ట వచ్చేదే ఆ పురుగు కోసమని మరిచిపోతున్నాం! చెట్టును ఉంచండి, పురుగును ఉండనివ్వండి. పిల్లలకు ఫోన్ ఇచ్చేముందు ఒక్క పిలుపైనా చెవితో పట్టడం నేర్పండి. చెవికి తెలిసిన పిట్ట ఒక ఏడు రాకపోతే, ఆ లోటును మొదట గుర్తించేది వాళ్లే.